ఖాళీ వార్డులు – 7వ భాగం: మూసీ కట్టించిన దవాఖాన

పోయిన భాగాన్ని ఎర్రగడ్డ గేటు దగ్గర ఆపాం. నిజాం సంస్థానంలో మతి తప్పినవాళ్లకు సర్కారు చూపిన చోటు రాజధానిలో లేదు, ఎక్కడో మరాఠ్వాడాలోని జాల్నాలో ఉండేది. సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసిన అయిదేళ్లకు, 1953లో, ఆ ఆస్పత్రి హైదరాబాదు శివారున ఉన్న ఎర్రగడ్డకు చేరింది. మూడేళ్లు తిరిగేసరికి రాష్ట్రాల పునర్విభజన వచ్చింది, జాల్నా బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. ఆ తరలింపు అప్పుడు జరగకపోయి ఉంటే మన రోగుల ఆస్పత్రి పరాయి రాష్ట్రంలో మిగిలేది. తర్వాత ఊరు పెరిగి శివారును మింగేసింది. ఎర్రగడ్డ అన్న పేరు మాత్రం జనం నోట వెక్కిరింత మాటగా స్థిరపడిపోయింది.

ఆ భాగం చదివిన మిత్రుడొకరు అడిగాడు: అమెరికాలో, ఇటలీలో పాడుబడ్డ పిచ్చాసుపత్రుల ఫోటోలు చూస్తుంటాం కదా, పెచ్చులూడిన గోడలు, విరిగిన కిటికీల్లోంచి పడే ఎండ, అలాంటిది మనకు ఎందుకు లేదు? మంచి ప్రశ్నే. జవాబు మాత్రం మనం గర్వపడేది కాదు. 1955లో అమెరికా రాష్ట్రాల మానసిక ఆస్పత్రుల్లో దాదాపు 5 లక్షల 60 వేల మంది ఉన్నారు. 1950లలో కొత్త మందులు వచ్చాయి, రోగులను ఇళ్లకు పంపాలన్న విధానం వచ్చింది, కోటల్లాంటి ఆ భవనాలు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. మసాచుసెట్స్‌లోని డాన్వర్స్ ఆస్పత్రి 1878లో తెరిచారు, 1992లో మూశారు. కొన్నాళ్లు దెయ్యాల కొంపగా పేరు మోసి, చివరికి చాలాభాగం కూలి, ఆ జాగాలో అపార్ట్‌మెంట్లు లేచాయి. (హైదరాబాదు శివారున, అపార్ట్‌మెంట్లు లేస్తున్న మన తెల్లాపూర్‌లో ఉండేవాళ్లకు ఈ ముగింపు విడమర్చి చెప్పనక్కర్లేదు.) మన దగ్గర సంగతి వేరు. 1946లో భోర్ కమిటీ లెక్క తీసేనాటికి అవిభక్త భారతదేశం మొత్తానికి మానసిక ఆస్పత్రుల్లో ఉన్న పడకలు పదివేల పైచిలుకు, అంతే. ఖాళీ చేసి వదిలేయడానికి ముందు నిండుగా కట్టి ఉండాలి గదా. ఎర్రగడ్డ ఆస్పత్రి ఈ రోజుకీ నడుస్తోంది, కిటకిటలాడుతూనే ఉంది.

కానీ ఎర్రగడ్డ ఆస్పత్రి అనుబంధంగా ఉన్నది ఉస్మానియా వైద్య కళాశాలకు. ఆ కళాశాలకు ప్రాణం లాంటి ఉస్మానియా పెద్ద దవాఖాన పాత భవనం మాత్రం ఇప్పుడు నిజంగానే ఖాళీ. అఫ్జల్‌గంజ్‌లో, మూసీ ఉత్తరపు గట్టున, నగరం నడిబొడ్డున, వందేళ్ల భవనానికి 2020 జులైలో తాళాలు పడ్డాయి. ఈ వారం కథ దానిది. ఒక వరద దాన్ని కట్టించింది, ఒక వాన దాన్ని ఖాళీ చేయించింది. నడుమ వందేళ్లకు పైగా మనుషుల పంతాలున్నాయి.

*

ఉస్మానియా కంటే ముందు ఆ గట్టున మరో ఆస్పత్రి ఉండేది. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, 1866లో వెలసిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి. దానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చిన మనిషి ఎడ్వర్డ్ లారీ. 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. ఎడింబరోలో జేమ్స్ సైమ్ దగ్గర చదువుకున్నవాడు, గురువు మాటంటే వేదం. ఆ రోజుల్లో ఆపరేషన్ బల్ల మీద క్లోరోఫాం పీల్చి కొందరు కళ్లు తెరవకుండానే పోయేవారు. ఎందుకు పోతున్నారు? గుండె ఆగి పోతున్నారని లండన్ వైద్యుల వాదం. కాదు, ముందు ఊపిరి ఆగుతుంది, రోగి ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి పట్టుకుని కూర్చోనక్కర్లేదని సైమ్ శిష్యుల వాదం. లారీ రెండో పక్షం. మెతగ్గా వాదించే రకం కాదు.

1888లో ఆయన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ వేయించాడు. కుక్కల మీద ప్రయోగాలు చేసి తన మాటే రుజువైందన్నాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఆ నివేదికను తీసిపారేసింది. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖజానా విప్పాడు: వెయ్యి పౌన్లు ఇస్తాం, మీ మనిషినే పంపండి, మీ కళ్లతోనే చూసుకోండి. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన మందుల శాస్త్రజ్ఞుడు 1889లో ఓడెక్కి వచ్చాడు. వచ్చేటప్పుడు ఆయనది గుండె పక్షం. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి దాదాపు అయిదువందల ప్రాణుల మీద ప్రయోగాలు చేశాక లారీ పక్షానికి మారిపోయి లండన్‌కు తంతి కొట్టాడు. ఒక సంస్థానపు ఆస్పత్రి లండన్ వైద్యలోకాన్ని ఎదిరించి నిలబడిన ఘట్టమది. నిజాం సంస్థానం గురించి రాసే చాలామంది నగల దగ్గర, మోటారు కార్ల దగ్గర ఆగిపోయి ఈ ముచ్చట వదిలేస్తారెందుకో తెలియదు.

అయితే లారీ చెప్పింది సగమే నిజం. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు, తక్కువ మోతాదు క్లోరోఫాంలో ఉన్నప్పుడే గుండె గతి తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని చూపించాడు. గుండె పక్షం ఓడిపోలేదన్నమాట. ఊపిరి మీద కన్నేసి ఉంచమన్న లారీ మాట కూడా వృథా పోలేదు. ఇద్దరూ గెలిచి ఇద్దరూ ఓడిన తగాదా.

లారీ విద్యార్థుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన తొలి మహిళల్లో ఈ పార్శీ అమ్మాయి ఉంది. 1889లో చదువు ముగించి ఆస్పత్రుల్లో మత్తుమందు ఇచ్చే పని చేపట్టింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను ఇప్పుడు చాలామంది తలుచుకుంటున్నారు. పరదా వ్యవస్థ ఇంకా గట్టిగా ఉన్న నగరంలో, కత్తి పెట్టే మగ డాక్టరు పక్కన ఒక ఆడమనిషి రోగి తలాపున కూర్చుని ఊపిరి చూస్తూ ఉండడమంటే ఏమిటో ఊహించుకోండి. జనానా రోగులకు ఆమె ఉనికే ధైర్యం అయి ఉంటుంది.

*

1908 సెప్టెంబరు ఆఖరి వారం. మూసీ పరివాహకంలో కుండపోత. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12.8 అంగుళాల వాన కురిసింది. ఎగువన చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి, ఒకటి నిండితే దాని అలుగు నీరు కిందిదానికి పోయేది. ఒకటి తెగితే ఆ భారం కిందిదాని కట్ట మీద పడేది. తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య తీసిన లెక్క ప్రకారం పరివాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయి. అంటే ఊరిమీద పడింది వాన నీరొక్కటే కాదు, ఏళ్ల తరబడి పొలాలు తడిపిన చెరువులన్నీ ఒక్క రాత్రి కలిసికట్టుగా వచ్చి పడ్డాయి.

28వ తేదీ ఉదయానికి మూసీ రెండు గట్లూ ఏకమయ్యాయి. వంతెనలు కొట్టుకుపోయాయి, కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ మిగిలింది. చనిపోయినవాళ్లు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లినీ భార్యనూ కూతురినీ ఆ నీళ్లలో పోగొట్టుకుని తానొక్కడే బయటపడ్డాడు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి నేలమట్టమైంది. ఆస్పత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉండేది. చేతికందిన కొమ్మ పట్టుకుని ఎక్కినవాళ్లు ఎక్కినట్టే దాని మీద గడిపారు. దాదాపు 150 మంది అలా బతికారు. పక్కనే రాయీ సున్నంతో కట్టిన మేడలు కూలుతుంటే చెట్టు నిలబడింది. ఇప్పటికీ ఉంది. ఏటా సెప్టెంబరు 28న దాని కింద కొద్దిమంది చేరి ఆ రోజును తలుచుకుంటారు.

మహబూబ్ అలీ ఖాన్ మూసీకి హారతి ఇచ్చి శాంతింపజేశాడని పాతబస్తీలో ఈనాటికీ చెప్పుకుంటారు. నిజమా కాదా అన్న విచారణ కంటే, ముస్లిం పాలకుడి పేరిట హిందూ హారతి కథను జనం వందేళ్లుగా ఎంత ఇష్టంగా మోసుకొస్తున్నారన్నది నాకు ఎక్కువ ఆసక్తి. ఆయన ప్యాలెస్ తలుపులు తెరిపించి బాధితులకు తిండి పెట్టించాడు. మూడేళ్లకు, 1911లో, కన్నుమూశాడు. ఊరిని తిరిగి కట్టే పని కొడుకు మీద పడింది.

*

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పిసినారి అన్న మాట అందరికీ తెలుసు. సొంత ఖర్చుల్లో ఏమోగానీ, ఆ తొలి పదిహేనేళ్లలో నగరం మీద మాత్రం ఆయన చెయ్యి బిగపట్టలేదు. 1909లోనే వచ్చిన విశ్వేశ్వరయ్య, వరదను ఊరి ఎగువనే ఆపాలని తేల్చి రెండు జలాశయాలు సూచించాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు) 1920కి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927కి సిద్ధమయ్యాయి. తెల్లాపూర్‌కు పది కిలోమీటర్ల దూరాన సెలవురోజు సాయంత్రాలు మనం కారాపి చూసే గండిపేట నీళ్లు ఆ పీడకల ఫలితమే. ఆ నీళ్లను కాపాడడానికే 1996లో 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేస్తూ 111 జీవో వచ్చింది. కోకాపేట మేడల వరస చెరువు అంచులో ఎక్కడ ఆగాలన్న నేటి రియల్ ఎస్టేట్ పేచీకి మొదలు 1908లో ఉందని చెబితే బ్రోకర్లు నవ్వుతారు గానీ, ఉంది.

1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. మురికివాడలు తీసేసి, రోడ్లు వెడల్పు చేసి, నది గట్టును ఊరికి ముఖద్వారంగా మార్చాలన్నది దాని సంకల్పం. ఆ ముఖద్వారానికి రూపమిచ్చిన వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్. కలకత్తా విక్టోరియా మెమోరియల్ పనులు చూసిన అనుభవం ఆయనది. హైదరాబాదులో ముందు కాచిగూడ స్టేషన్ కట్టాడు. దక్షిణపు గట్టున హైకోర్టు, సిటీ హైస్కూలు, ఉత్తరపు గట్టున దవాఖాన. వరద ఎక్కడ ఎక్కువ నష్టం చేసిందో సరిగ్గా అక్కడే, నదికి ఎదురుగా. హైకోర్టు మెట్ల మీద నిలబడి అవతలికి చూస్తే దవాఖాన గుమ్మటాలు కనిపించాలన్నది లెక్క. న్యాయం ఒక గట్టున, వైద్యం మరో గట్టున. ప్రభువుకు ఆ బొమ్మ నచ్చి ఉంటుంది.

1920లలో నడక మొదలుపెట్టిన ఆ భవనాన్ని అలంకారం కోసం మాత్రమే చూడడం పొరపాటు. గుమ్మటాలు, మినార్లు, ఛజ్జాలు, కమానులు చూసి ఫోటో తీసుకుని వెళ్లిపోతాం. కానీ ఆ ఎత్తైన కప్పు ఉన్నది దర్జా కోసం కాదు. పెన్సిలిన్ ఇంకా రాని కాలమది. గాయం చీము పట్టకుండా ఆపే మందు లేదు. క్షయకు మందు లేదు. డాక్టరు చేతిలో ఉన్న ఆయుధాలు సబ్బు, కార్బాలిక్ ఆమ్లం, గాలి, వెలుతురు. అందుకే వార్డుకు రెండు వైపులా పొడుగాటి వరండాలు, ఎదురెదురు కిటికీలు, వేడిగాలి పైకి చేరి బయటికి పోయేలా ఎత్తైన కప్పులు. మందమైన రాతి గోడలు మే నెల ఎండను లోపలికి రానివ్వవు. కట్టడమే చికిత్సలో సగభాగం. ఈ సంగతి మరిచిపోయి తర్వాత తరాలు ఆ వరండాలకు ప్లైవుడ్ అడ్డం పెట్టి గదులు చేసుకున్నాయి, కిటికీలకు ఏసీ పెట్టెలు బిగించాయి. భవనం ఊపిరి ముందు అక్కడ ఆగింది.

*

ఉస్మానియా దవాఖాన రోజువారీ బతుకు రాయాలంటే ఎంబీబీఎస్ పట్టా ఉన్న నవలాకారుడు కావాలి. నాకు తెలిసింది బయటి లోకం. మూసీ నడుమ ఇమ్లీబన్ బస్టాండు, అక్కడ మహబూబ్‌నగర్, నల్గొండ, మెదక్ బస్సులు దింపే జనం. చేతిలో ప్లాస్టిక్ సంచి, దాంట్లో ఎక్స్‌రే, ఒక దుప్పటి, టిఫిన్ డబ్బా. రోగి ఒక్కడే అయినా వెంట ముగ్గురు. వాళ్లలో ఒకరికి కాస్త ఉర్దూ వచ్చి ఉంటుంది, ఆ మనిషే కుటుంబానికి రాయబారి. చీటీల కిటికీ దగ్గర పడిగాపులు, వార్డుబాయ్‌ని బతిమాలుకోవడాలు, సాయంత్రానికి చెట్ల కింద పరుచుకున్న దుప్పట్లు, దాతలు పంచే అన్నం పొట్లాలు. ఎవరో పోతే ఒక్కసారిగా లేచే ఏడుపు, కాసేపటికి మళ్లీ మామూలు రొద. ఎదురుగా టీకొట్లలో ఇరానీ చాయ్ గ్లాసుల చప్పుడు. కాలిన గాయాల వార్డు పేరు చెబితే తెలంగాణ ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం మాట్లాడరు.

వెయ్యికి పైగా పడకల ఆస్పత్రికి అంతకు మించిన జనం. ప్రైవేటు ఆస్పత్రులు హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు కట్టుకుంటున్న కొద్దీ, అక్కడికి వెళ్లలేనివాళ్లంతా ఇక్కడ పోగయ్యారు. కొత్త అవసరం వచ్చినప్పుడల్లా పాత భవనానికి ఏదో ఒకటి తగిలించారు: ఒక మరుగుదొడ్డి, ఒక పైపు, కప్పు మీద ఒక నీళ్ల ట్యాంకు.

డంగుసున్నం కట్టడం తీరు తెలిసినవాళ్లకు ఇక్కడినుంచి కథ ఎటు పోతుందో అర్థమవుతుంది. సున్నం గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. ఏటేటా చూసుకుంటే వందల ఏళ్లు నిలుస్తుంది, చార్మినారే సాక్షి. పగులు కనిపించిన చోట సిమెంటు పూస్తే మాత్రం చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపల సున్నం నాని పొడిపొడి అవుతుంది, సిమెంటు పెచ్చు ఒక రోజు తన బరువుకు తానే కింద పడుతుంది. కప్పు మీద గొట్టం కారితే పావురాలు నీళ్లకు వస్తాయి, వాటి రెట్టలో రావి గింజ ఉంటుంది. సందు దొరికితే చాలు, రావి వేరు సున్నపు అతుకు వెంట దారి చేసుకుంటూ రెండు రాళ్ల నడుమ దూరుతుంది. నరికేస్తే మళ్లీ చిగురిస్తుంది.

ఉస్మానియా గుమ్మటాల మీద ఆ చిగుళ్లే కనిపిస్తాయి. చూడడానికి బాగుంటాయి కూడా. నల్లబారిన గోడమీద వానాకాలపు నాచు, ఊడిన పూత కింద బయటపడ్డ రాయి, మినారు మెడ మీద లేత రావి ఆకులు, సాయంత్రం వాలే ఎండలో ఆ ఆకుల వెనక ఎరుపు. కెమెరా పట్టుకున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? నాకూ అక్కడ నిలబడి చూడాలనే ఉంటుంది. కానీ ఆ అందంలో ఏ ఒక్కటీ ముసలితనంతో వచ్చింది కాదు. ప్రతి మరకకూ వెనక బాగుచేయించని ఒక గొట్టం ఉంది, ప్రతి రావి మొక్కకూ వెనక ఆమోదం రాని ఒక ఫైలు ఉంది.

*

2015 జులైలో ముఖ్యమంత్రి కేసీఆర్ దవాఖానకు వచ్చి చూసి, ఇది కూలేలా ఉంది, ఖాళీ చేయించి పడగొట్టి కొత్త ఆస్పత్రి కడతామన్నారు. మర్నాటి నుంచి నగరం రెండు శిబిరాలైంది. ఒక వైపు వారసత్వ కట్టడాల ప్రేమికులు, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ నిపుణులు: నిర్మాణం గట్టిగానే ఉంది, నీటి కారుడు ఆపండి, చెట్లు తీయండి, సున్నంతోనే మరమ్మతు చేయండి. మరో వైపు డాక్టర్లు: మీరు బయట నిలబడి మినార్లు చూస్తున్నారు, మేం లోపల పెచ్చుల కింద నిలబడి కుట్లు వేస్తున్నాం. రెండు మాటలూ నిజమే. అందుకే తగాదా అంత గట్టిగా సాగింది. కూల్చివేత ఆగింది. మరమ్మతూ సరిగా జరగలేదు. పై అంతస్తు ఖాళీ చేయించారు, కింది వార్డులు మరింత కిక్కిరిశాయి.

2018లో జూనియర్ డాక్టర్లు హెల్మెట్లు పెట్టుకుని వార్డుల్లోకి వెళ్లారు. కప్పు పెచ్చులు ఊడి పడుతున్నాయని నిరసన. మోటారు సైకిలు మీద పెట్టుకోమని పోలీసులు బతిమాలే వస్తువును, రోగి నాడి చూస్తూ డాక్టరు పెట్టుకున్న ఆ ఫోటో దేశమంతా తిరిగింది. అంత శ్రద్ధగా కట్టించిన భవనానికి ఇంతకంటే అవమానం ఉండదు.

రెండేళ్లకు కరోనా వచ్చింది. గాంధీ ఆస్పత్రిని పూర్తిగా కోవిడ్‌కు కేటాయించడంతో మిగతా రోగుల భారం ఉస్మానియా మీద పడింది. 2020 జులై 15న కురిసిన వానకు వాననీరూ డ్రైనేజీ నీరూ కలిసి కింది వార్డుల్లోకి వచ్చాయి. మంచాల మీద రోగులు, కింద నల్లటి నీళ్లు, ఆ నీళ్లలో పీపీఈ తొడుక్కున్న సిబ్బంది. వీడియోలు చూసిన జనం మండిపడ్డారు. ఆ నెల ముగిసేలోగా పాత భవనం ఖాళీ చేయాలని ఆదేశం వచ్చింది. రోగులను అదే ఆవరణలోని ఇతర బ్లాకుల్లో సర్దారు. పాత భవనానికి తాళం వేశారు.

1908లో నది దవాఖానలోకి వచ్చింది. 2020లో వచ్చింది నది కాదు, ఊరి మురుగు. గండిపేట కట్టి నదిని ఆపగలిగాం, డ్రైనేజీ గొట్టం బాగుచేసుకోలేకపోయాం. వారసత్వ శిబిరం వేలెత్తి చూపింది దీన్నే: మురుగు కాల్వ దోషానికి భవనాన్ని ఉరి తీస్తారా? డాక్టర్ల జవాబు సూటిగా ఉండేది: ఏ దోషమైతేనేం, తడిసేది మా రోగులు.

ఆ తర్వాత ఇది హైకోర్టులో నలిగింది. కోర్టు ఉన్నది మూసీ అవతలి గట్టున, ఎష్ చేతుల మీదుగా లేచిన భవనంలోనే. నిపుణుల కమిటీలు వచ్చి వెళ్లాయి. 2023లో గవర్నర్ తమిళిసై స్వయంగా దవాఖానకు వెళ్లి పరిస్థితి దారుణమన్నారు, ప్రభుత్వం రాజకీయమంది. అదే ఏడాది పాత కట్టడాన్ని తొలగించి కొత్తది కడతామని సర్కారు కోర్టుకు చెప్పింది. ఎన్నికలు వచ్చాయి, సర్కారు మారింది. కొత్త ప్రభుత్వం మూడో దారి ఎంచుకుంది: ఆస్పత్రినే వేరేచోటికి మార్చడం. గోషామహల్‌లో 26 ఎకరాల పైచిలుకు స్థలంలో 2,000 పడకలతో కొత్త ఉస్మానియాకు 2025 జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. ఈసారి గోషామహల్ వాసులు అడ్డం తిరిగారు: మా మైదానం పోతుంది, మా ఇరుకు సందుల్లో అంబులెన్సులు ఎలా తిరుగుతాయి? హైదరాబాదులో జాగా తగాదా ఎప్పుడూ చచ్చిపోదు, ఇల్లు మారుతుందంతే.

వైద్యం గోషామహల్‌కు పోతే పాత భవనం దేనికి? మ్యూజియం అన్నారు కొందరు, కళాశాల అన్నారు కొందరు. నా మట్టుకు నాకు మ్యూజియం మాట కొంచెం భయం పుట్టిస్తుంది. ఈ నగరంలో మ్యూజియం అంటే చాలాసార్లు టికెట్ కౌంటరూ కెఫేనూ. భవనాన్ని భవనంగా నిలబెట్టాలంటే రోజూ ఎవరో ఒకరు కిటికీలు తెరవాలి, వాన పడ్డ రాత్రి కప్పెక్కి చూడాలి. ఆ పనికి మనుషుల్నీ జీతాల్నీ కేటాయించాకే పేరు సంగతి ఆలోచించాలి. రూపాబాయి పేరు, లారీ పేరు రాసిన ఒక గది అందులో ఉంటే సంతోషిస్తాను. ప్రయోగాల్లో పోయిన ఆ అయిదువందల జంతువుల మాట కూడా ఒక వాక్యం రాస్తే ఇంకా మంచిది.

*

ఖాళీ అవడానికి కారణం ప్రతిసారీ తగాదాయో నిర్లక్ష్యమో కాదు. ఒక్కోసారి రోగమే లొంగిపోతుంది. తెల్లాపూర్ స్టేషన్ మీదుగా వికారాబాద్ వైపు సాగే రైలుదారి 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు వేసినదే. ఆ దారిలో వికారాబాద్‌లో దిగి అనంతగిరి గుట్ట ఎక్కితే, అడవిగాలి తప్ప క్షయకు వేరే మందు లేని రోజుల్లో రోగులను ఏళ్ల తరబడి ఉంచిన శానిటోరియం వస్తుంది. రాయలసీమలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ ఇంకా పెద్దది నడిపాడు. ఆ తర్వాత 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలైంది. సగం మంది రోగుల్ని శానిటోరియంలో ఉంచారు, సగం మందిని ఇరుకు ఇళ్లలోనే ఉంచి మాత్రలిచ్చారు. దాని ఫలితం ప్రపంచమంతటా గుట్టల మీది ఆస్పత్రుల తలరాత మార్చేసింది. అలాంటప్పుడు 2015లో, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రిని అనంతగిరికి పంపేసి ఆ జాగాలో సచివాలయం కట్టాలని తెలంగాణ మంత్రివర్గం ఎందుకు అనుకుంది, ఆ ఆలోచన ఎలా వెనక్కు పోయింది? వచ్చే భాగంలో గుట్ట ఎక్కుదాం.